టార్చ్ రిపోర్టు పక్కన పెట్టండి, ముందు ఇంట్లో అమ్మవారి సంగతి చూడండి

ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వయసు 24, ఇప్పుడు పదకొండో వారం. పోయినేడు మొదటి గర్భం రెండో నెలలోనే పోయింది. అందుకని ఈసారి ముందుజాగ్రత్తగా టార్చ్ టెస్టు (కడుపులో బిడ్డకు సోకే కొన్ని జబ్బుల కోసం చేసే రక్తపరీక్ష) చేయించారట. రుబెల్లా ఐజీజీ పాజిటివ్, సీఎంవీ (సైటోమెగలో వైరస్) ఐజీజీ పాజిటివ్, టాక్సోప్లాస్మా నెగెటివ్, ఐజీఎం అన్నీ నెగెటివ్. రిపోర్టులో రెండుచోట్ల 'పాజిటివ్' అని ఉండేసరికి ఇంట్లో అందరూ భయపడిపోయారు, తెలిసినవాళ్ళు ఎవరో బిడ్డ అవకరంతో పుడుతుంది, ఇప్పుడే తీయించేసుకోండి అన్నారు. ఇదంతా రాసి చివర్లో ఒక్క ముక్క: 'మా తోడికోడలి కొడుక్కు మొన్న అమ్మవారు పోసింది, అందరం ఒకే ఇంట్లో ఉంటాం, దానివల్ల ఏమైనా ఇబ్బందా?'

అమ్మా, నేను పిల్లల డాక్టర్ని. కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకుని, ఇరవై ఎనిమిదేళ్ళుగా కడప, అనంతపురం జిల్లాల్లోనే పనిచేస్తున్నాను, ఎక్కువకాలం పురిటి వార్డుకు ఆనుకుని ఉన్న పసిపిల్లల గదిలో. మీరు టార్చ్ గురించి అంత రాసి అమ్మవారి గురించి ఒక్క లైను రాశారు. నాకు మాత్రం ఆ ఒక్క లైను దగ్గరే టెన్షన్ పట్టుకుంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

అమ్మవారు, ఆటలమ్మ, చికెన్‌పాక్స్, ఏ పేరుతో పిలిచినా ఒకటే వైరస్. పొక్కులు కనబడటానికి రెండు రోజుల ముందునుంచే అది గాలిలో పాకుతుంది, చివరి పొక్కు పెచ్చు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. అంటే పిల్లాడికి మొన్న పోసిందంటే అంతకు రెండు రోజుల ముందే మీరు వాడి పక్కన కూర్చుని అన్నం తిని ఉంటారు. ఇప్పుడు పుట్టింటికి వెళ్ళిపోవడం వల్ల జరిగిపోయింది వెనక్కి రాదు గానీ, ఇకముందు తగలకుండా ఉంటుంది కాబట్టి వెళ్ళండి, అక్కడ ఇంకో గర్భిణి గానీ పసిబిడ్డ గానీ లేకపోతేనే సుమా. అసలు తేలాల్సింది మీకు చిన్నప్పుడు ఇది వచ్చిందా లేదా అన్నది. వచ్చి ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, రెండోసారి రావడం చాలా అరుదు. రాలేదన్నా, సరిగ్గా గుర్తులేదన్నా, రేపే వెళ్ళి వారిసెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష (వారిసెల్లా అంటే ఈ చికెన్‌పాక్స్ వైరసే) చేయించుకోండి. వేలకు వేలు పెట్టి చేయించిన టార్చ్ ప్యానెల్లో చాలాసార్లు ఈ పరీక్షే ఉండదు!

ఆ పరీక్షలో నెగెటివ్ వస్తే, అంటే మీ ఒంట్లో దానికి రక్షణ లేదని తేలితే, చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు. తగిలిన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, అది మన దగ్గర అన్నిచోట్లా దొరకదు, ఖరీదు కూడా. బ్రిటన్‌లో ఇప్పుడు గర్భిణులకు ఆ ఇంజెక్షన్ బదులు, తగిలిన ఏడో రోజు నుంచి వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ లాంటి మాత్రలే ఇస్తున్నారు, మన కడపలోనూ మాత్రలు దొరుకుతాయి. మీ గైనకాలజిస్టుతో ఈ మాట ఎత్తండి, సొంతంగా మాత్రం మెడికల్ షాపులో కొనుక్కోకండి. జబ్బు బయటపడటానికి తగిలిన దగ్గరనుంచి 10 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి మూడు వారాలపాటు ఒళ్ళు గమనించుకోండి. ఒక్క నీటిపొక్కు కనబడినా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి, మందు మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే గుణం. ఆసుపత్రికి వెళ్ళేముందు ఫోన్ చేసి వెళ్ళండి, లేకపోతే బయట బెంచీ మీద కూర్చున్న మిగతా గర్భిణులకు మీరే అంటించినవాళ్ళవుతారు.

బిడ్డ సంగతికి వస్తే, మొదటి ఇరవై వారాల్లో తల్లికి వచ్చినా బిడ్డకు అవకరం కలిగే అవకాశం నూటికి ఒకటీ రెండూ, మీరున్న వారాల్లో అయితే ఇంకా తక్కువ. భయం ఎక్కువగా తల్లికే. పెద్దవయసులో వస్తే ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియా అవుతుంది, గర్భంతో ఉన్నప్పుడు అది చాలా మొండిగా తయారవుతుంది. దగ్గు, ఆయాసం మొదలైతే ఇంట్లో ఒక్క గంట కూడా ఉండొద్దు.

మన ఇళ్ళల్లో అమ్మవారు పోస్తే మందు వాడితే ఆమెకు కోపం వస్తుందని, డాక్టరు దగ్గరికి పోకూడదని అంటారు. వేపాకు పరుచుకోండి, మూడో రోజో ఐదో రోజో నీళ్ళు పోసుకోండి, చద్దన్నం పెరుగన్నం తినండి, వాటితో నాకు ఏ పేచీ లేదు. గర్భిణికి మందు ఆపడం దగ్గరే నాకు పేచీ. చాలా ఏళ్ళ కిందట జమ్మలమడుగు వైపు నుంచి ఒకామె కాన్పుకు వచ్చింది. నొప్పులు మొదలవడానికి ముందురోజే ఒళ్ళంతా పొక్కులు లేచాయట. చీరకొంగు ముఖం మీదికి లాక్కుని, ఎవరికీ చెప్పకుండా టేబుల్ ఎక్కింది. బిడ్డను తుడుస్తున్నప్పుడు నా చేయి తల్లి చేతికి తగిలితే కింద పొక్కులు గరగరలాడాయి, అప్పుడు తెలిసింది. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా, ఈ వారం రోజుల్లో తల్లికి పొక్కులు వస్తే బిడ్డకు అత్యంత ప్రమాదం, ఎందుకంటే వైరస్ అందుతుంది గానీ దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారై బిడ్డకు చేరేంత టైం ఉండదు. ఆ బిడ్డకు సెలైన్‌లో ఎసైక్లోవిర్ ఎక్కించి, పన్నెండు రోజులు కళ్ళల్లో వత్తులేసుకుని కాచుకున్నాం. బతికింది. ఆ తల్లి ముందురోజే చెప్పి ఉంటే కాన్పును రెండుమూడు రోజులు వెనక్కి జరపగలమేమో చూసేవాళ్ళం.

సరే, ఇక టార్చ్.

ఐజీజీ పాజిటివ్ అంటే ఆ జబ్బు ఎప్పుడో మీకు వచ్చిపోయిందని, లేదా టీకా పడిందని, మీ ఒంటికి అది గుర్తుందని. రుబెల్లా విషయంలో అది ఉండాల్సిన మంచి మాట. మీ రిపోర్టులో రుబెల్లా ఐజీజీ నెగెటివ్ వచ్చి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి, పాజిటివ్ వచ్చినందుకు సంతోషం. ఐజీఎం అనేది కొత్తగా వచ్చిన ఇన్ఫెక్షన్‌కు సూచన, అది మీకు అన్నింటికీ నెగెటివ్. ఈ కాగితం చూసి గర్భం తీయించుకోవడానికి కారణం ఒక్కటంటే ఒక్కటి లేదు. మీకు ఆ సలహా ఇచ్చినవాళ్ళు ఎవరో నాకు తెలియదు, ఎవరైనా సరే తప్పు చెప్పారు.

ఇంకో మాట కూడా వినండి, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. ఐజీఎం పాజిటివ్ వచ్చినా అది తీర్పు కాదు. టాక్సోప్లాస్మా ఐజీఎం ఏడాది దాటినా రక్తంలో కనబడుతూ ఉంటుంది, వేరే వైరల్ జ్వరం వచ్చినా కొన్నిసార్లు పొరపాటుగా పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు ఎవిడిటీ అనే ఇంకో పరీక్ష చేయాలి. అది ఎక్కువ ఉంటే ఇన్ఫెక్షన్ పాతదని, అంటే మొదటి మూడు నెలల్లో చేసిన పరీక్షలో ఎవిడిటీ ఎక్కువ ఉంటే గర్భం రాకముందే వచ్చిపోయిందని అర్థం. తక్కువ ఉంటేనే ఆలోచించాలి, అప్పుడైనా స్కానింగులు, అవసరమైతే ఉమ్మనీరు పరీక్ష, ఇన్ని మెట్లు ఉన్నాయి. ఒక్క ఐజీఎం కాగితం పట్టుకుని గర్భం తీయించుకున్న తర్వాత, మళ్ళీ కాన్పుకు బిడ్డనెత్తుకుని నా దగ్గరికి వచ్చి, 'సార్, అప్పుడు తీయించుకోకపోయినా సరిపోయేదా' అని అడిగిన తల్లులు ఉన్నారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

అసలు ఈ టార్చ్ అనే మాట 1971లో ఆండ్రే నాహ్మియాస్ అనే అమెరికా డాక్టరు, ఆయన తోటివాళ్ళు పెట్టింది. పసిబిడ్డ కామెర్లతోనో, చిన్న తలతోనో, ఒంటిమీద నీలిమచ్చలతోనో పుట్టినప్పుడు కడుపులో ఉండగా సోకే జబ్బుల్లో ఏవేవి గుర్తుకు రావాలో చెప్పడానికి టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ మొదటి అక్షరాలు కలిపి గుర్తుగా పెట్టుకున్నారు. ఏ జబ్బు లక్షణమూ లేని ప్రతి గర్భిణికీ చేయమని కాదు. మన దగ్గర అది ప్యాకేజీ అయిపోయింది, ముఖ్యంగా ఒకసారి అబార్షన్ అయిన ప్రతివాళ్ళకూ రాసేస్తారు.

మీ మొదటి గర్భం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్న వెనక ఉన్న బాధ అదే అనిపించింది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. మీరు బరువెత్తడం వల్ల కాదు, బొప్పాయి తినడం వల్ల కాదు, స్కూటీ మీద పోవడం వల్ల కాదు. రుబెల్లా, సీఎంవీ లాంటివి ఒకసారి వచ్చిపోయాక మళ్ళీ మళ్ళీ గర్భం పోవడానికి కారణం కావు. ఒకసారి పోయినంత మాత్రాన పెద్ద పరీక్షలు అక్కర్లేదు. రెండు మూడుసార్లు పోతే అప్పుడు థైరాయిడ్, షుగర్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం ఇవి చూస్తారు.

రుబెల్లాను నేను తేలిగ్గా తీసిపారేస్తున్నానని మాత్రం అనుకోకండి. దాన్నంత దగ్గరగా చూసినవాణ్ణి. 2000 ప్రాంతంలో, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పులివెందుల దగ్గర పల్లె నుంచి ఆరువారాల పాపను తెచ్చారు. పాలు తాగేటప్పుడు ఒళ్ళంతా చెమట పడుతోందని తెచ్చారు. స్టెతస్కోపు పెడితే గుండెలో మిల్లు తిరిగినట్టు చప్పుడు. తర్వాత కిటికీ మూసి కంట్లోకి టార్చిలైటు వేశాను. మామూలుగా నారింజరంగులో మెరవాల్సిన కంటిపాప మధ్యలో రెండు వైపులా తెల్లగా, చిన్న ముత్యం పెట్టినట్టు. తల్లిని అడిగితే రెండో నెలలో మూడు రోజులు ఒంటిమీద సన్నగా ఎర్రటి దద్దుర్లు వచ్చాయంది, మే నెల కాబట్టి చెమటకాయలు అనుకున్నారట. పాపకు శుక్లాలు తీశారు, గుండెకు ఆపరేషన్ అయింది, వినికిడి మాత్రం రాలేదు. మూడేళ్ళ తర్వాత కూడా ఆ తల్లి వెనకనుంచి పళ్ళెం మోగించి, పాప తిరిగి చూస్తుందేమోనని చూసేది.

రుబెల్లాకూ ఈ పుట్టుశుక్లాలకూ సంబంధం కనిపెట్టింది కంటి డాక్టరే. 1941లో ఆస్ట్రేలియాలో, సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే ఆయన. ఒక్కసారిగా శుక్లాలతో పుట్టిన పిల్లలు వరుసగా వస్తుంటే ఆయనకు అనుమానం వచ్చింది, తల్లులు గర్భం మొదట్లో తమకు వచ్చిన దద్దుర్ల గురించి చెప్పుకోవడం విన్నాడు. తోటి డాక్టర్లను కూడా అడిగి 78 మంది పిల్లల వివరాలు సేకరించి ప్రచురించాడు. అప్పటిదాకా రుబెల్లా అంటే మూడు రోజుల్లో పోయే చిల్లర జబ్బు. మొదట్లో చాలామంది నమ్మలేదు. 1964, 65లలో అమెరికాలో రుబెల్లా పెద్దఎత్తున వచ్చి ఇరవై వేలమంది పిల్లలు ఈ అవకరాలతో పుట్టాక, 1969లో అక్కడ టీకా వచ్చింది. మన దగ్గర మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో 1990లలో పరిశీలిస్తే పసిపిల్లల శుక్లాలకు రుబెల్లా ముఖ్యమైన కారణమని తేలింది, అయినా మన ప్రభుత్వ టీకాల్లోకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపిన టీకా) రావడానికి 2017 దాకా పట్టింది. ఆ సంవత్సరం తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ దాకా బడుల్లో అందరికీ వేశారు, గుర్తుందా? మీ వయసును బట్టి చూస్తే మీరు అప్పటికే పదిహేనేళ్ళు దాటి ఉండొచ్చు, కాబట్టి మీ ఐజీజీ పాజిటివ్‌కు చిన్నప్పుడు రుబెల్లా వచ్చిపోవడమో, విడిగా వేయించిన టీకానో కారణం కావచ్చు.

ఐజీజీ నెగెటివ్ అని తెలిసిన ఆడపిల్లలు పెళ్ళికి ముందో గర్భానికి ముందో ఎంఎంఆర్ టీకా వేయించుకుని ఒక నెల ఆగితే చాలు. గర్భంతో ఉన్నప్పుడు వేయరు, కాన్పయ్యాక పాలిస్తున్నప్పుడు వేయించుకోవచ్చు. రుబెల్లా ఐజీజీ పరీక్ష గర్భానికి ముందు చేయించుకుంటేనే దానివల్ల అసలు లాభం.

సీఎంవీ ఐజీజీ మన దేశంలో పెద్దవయసు ఆడవాళ్ళలో దాదాపు అందరికీ పాజిటివే. పాతది తిరగబెట్టి బిడ్డకు చేరడం అరుదుగా జరుగుతుంది, చేరినా చాలామంది బిడ్డలు బాగానే ఉంటారు, కొందరికి మాత్రం వినికిడి తగ్గుతుంది. అందుకని మీ బిడ్డకే కాదు, పుట్టిన ప్రతి బిడ్డకూ ఓఏఈ అనే వినికిడి పరీక్ష చేయించమంటాను, రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి వాళ్ళ ఎంగిలి తినకండి, మూతి తుడిచినా డైపర్ మార్చినా చేతులు సబ్బుతో కడుక్కోండి. టాక్సో నెగెటివ్ అంటే మీకు ఇంతవరకూ రాలేదని, కాబట్టి ఇకముందు రాకుండా చూసుకోవాలి. మటన్ బాగా ఉడికించండి, ఆకుకూరలు రెండుమూడు నీళ్ళల్లో కడగండి, పిల్లి మలవిసర్జన చేసే మట్టిలో చేయి పెట్టకండి. అంతే.

ఇక మీరు చేయించుకున్నారో లేదో రాయని పరీక్షలు ఉన్నాయి. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, మూత్రం. ఈ నాలుగూ పీహెచ్‌సీలో ఉచితం, నాలుగింటికీ మందు ఉంది, నాలుగూ బిడ్డ జాతకాన్ని మార్చేవే. టార్చ్ కోసం బస్సెక్కి కడపకు, తిరుపతికి పోయేవాళ్ళు ఇంటి పక్క ఏఎన్‌ఎం పిలిచి చేస్తానన్న పరీక్షను మాత్రం వాయిదా వేస్తారు. ఈ మాటే నేను ఇంతసేపూ చెప్పాలనుకుంటున్నది.

హెచ్ఐవీ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా కళ్ళముందు మారిపోయిన జబ్బు అది. మందు లేకపోతే తల్లినుంచి బిడ్డకు వచ్చే అవకాశం పాలిచ్చే రోజులు కూడా కలుపుకుని నూటికి 15 నుంచి 45 దాకా. 1994లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి చేసిన ట్రయల్లో జిడోవుడిన్ అనే మందు ఇస్తే అది 25.5 శాతం నుంచి 8.3కి పడిపోయింది, కానీ ఆ మందు నెలల తరబడి, సెలైన్‌తో, ఖర్చుతో. 1999లో ఉగాండాలో చేసిన ట్రయల్ మనలాంటి చోట్లకు దారి చూపింది: నొప్పులు మొదలవగానే తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు కొన్ని చుక్కల సిరప్, దానికే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. మన జిల్లాల్లో ఆ ఒక్క మాత్రతో ఎన్నో కాన్పులు చేశాం. రాత్రి రెండు గంటలకు నొప్పులతో వచ్చినామెకు పరీక్ష చేసి, వాళ్ళాయన్ను బయటికి పంపి, చెవిలో చెప్పి, మాత్ర నోట్లో వేసి నీళ్ళు తాగించిన సిస్టర్లు నాకు తెలుసు. ఇప్పుడు ఆ అవస్థే లేదు, పాజిటివ్ అని తెలిసిన రోజునుంచే తల్లికి రోజుకో మాత్ర, జీవితాంతం. క్రమం తప్పకుండా వేసుకుని వైరస్ అణిగి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండుకంటే తక్కువ. బిడ్డకు కొన్ని వారాలు సిరప్, ఆరో వారంలో మడమ నుంచి రక్తపుచుక్క తీసి పరీక్ష. అనంతపురం పక్కన బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఉంది కదా, అక్కడ హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు ఏళ్ళుగా వైద్యం చేస్తూ, ఆ లెక్కలను జాగ్రత్తగా రాసిపెట్టి అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. పరిశోధన అంటే ఎక్కడో విదేశాల్లో జరిగేది అనుకునేవాళ్ళు ఒకసారి ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకోవాలి.

సిఫిలిస్ ఇంకా సులువు. 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్, కాన్పుకు కనీసం నెల ముందు పడితే బిడ్డ కాపాడబడుతుంది, పాత ఇన్ఫెక్షన్ అయితే వారానికొకటి మూడు. వైద్యం లేకపోతే సగానికి పైగా గర్భాలు ఏదో ఒక విధంగా చెడిపోతాయి, కడుపులోనే చనిపోవడం కూడా అందులో ఉంది. భర్తకు కూడా అదే రోజు వేయాలి, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

హెపటైటిస్ బి దగ్గర నాకు కోపం ఆగదు. పెద్దవాళ్ళకు సోకితే నూటికి ఐదుగురిలోపే అది శాశ్వతంగా ఉండిపోతుంది, పుట్టేటప్పుడు సోకిన బిడ్డల్లో నూటికి తొంభై మందికి ఉండిపోతుంది, ముప్ఫై నలభై ఏళ్ళకు లివర్ చెడిపోవడం, క్యాన్సరు. దాన్ని ఆపే టీకా పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లి పాజిటివ్ అయితే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా, వీలైతే 12 గంటల్లోనే. తల్లి రక్తంలో వైరస్ మరీ ఎక్కువ ఉంటే, అంటే మిల్లీలీటరుకు రెండు లక్షల యూనిట్లు దాటితే, ఏడో నెల నుంచి తల్లికి టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. ఇన్ని ఉండి కూడా, నేను పనిచేసిన ఒకచోట శనివారం రాత్రి పుట్టిన బిడ్డకు సోమవారం దాకా టీకా వేసేవాళ్ళు కాదు. పదిమందికి సరిపడే సీసా ఒక్క బిడ్డకోసం తెరిస్తే మిగతాది వృథా అవుతుందని. తెరిచిన హెపటైటిస్ బి సీసాను సరైన చల్లదనంలో ఉంచితే 28 రోజుల దాకా వాడొచ్చని ఉత్తర్వులు వచ్చాక కూడా అదే పాత అలవాటు. అందుకని మీ కాన్పు ఏ రోజైనా సరే, ఏ ఆసుపత్రిలోనైనా సరే, 'బిడ్డకు హెపటైటిస్ బి వేశారా, ఎన్ని గంటలకు వేశారు' అని మీ అమ్మగారితో అడిగించండి. కార్డులో రాయించుకోండి. తల్లి పాజిటివ్ అయినా ఈ టీకాలు పడ్డాక పాలు ఇవ్వొచ్చు, మానిపించొద్దు.

మూత్రం పరీక్ష అంటే ఆల్బుమిన్, షుగర్ చూసి వదిలేస్తున్నారు, సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే కల్చర్ ఒక్కసారైనా చేయించుకోండి. ఏ మంటా నొప్పీ లేకుండానే కొంతమంది గర్భిణుల మూత్రంలో సూక్ష్మజీవులు ఉంటాయి, వదిలేస్తే కిడ్నీకి ఎక్కి చలిజ్వరం వస్తుంది, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. మన ఎండలకు, శనగకాయ పొలాల్లో చాటుమరుగు లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఒంటేలు ఆపుకుని పనిచేసే ఆడవాళ్ళలో ఇది నేను ఎక్కువ చూశాను. వాళ్ళకు నీళ్ళు తాగు తల్లీ అని చెప్పడం తేలిక, పొలంలో మరుగెక్కడుంది?

ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (వలస కూలికి) పోయేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. ఐదో నెలలో గుంటూరు మిరపకోతకు పోయి తొమ్మిదో నెలలో తిరిగొస్తారు, మధ్యలో పరీక్ష లేదు, టీకా లేదు. వాళ్ళెవరైనా మీకు తెలిసుంటే ఒక్కటే చెప్పండి, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకుపొమ్మనండి, ఎక్కడి పీహెచ్‌సీలో చూపించినా చూస్తారు.

టీకాల్లో మీకు ఇప్పుడు కావాల్సినవి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) రెండు డోసులు. ధనుర్వాతంతో ఏడెనిమిది రోజుల పసికందు దవడ బిగుసుకుని విల్లులా వంగిపోవడం నేను చదువుకునే రోజుల్లో చూశాను, తర్వాత డాక్టరైనవాళ్ళు చాలామంది చూడనే లేదు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని దేశం అదుపులోకి తెచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. బొడ్డుకు బూడిద, పసుపు, పౌడరు ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేయడం కూడా అందులో భాగమే. స్థోమత ఉంటే ఏడో నెల తర్వాత టీడీలో ఒక డోసు బదులు కోరింతదగ్గు కలిసిన టీడాప్ అడగండి. ఫ్లూ టీకా కూడా మంచిదే. బంగ్లాదేశ్‌లో తల్లులకు గర్భంలో ఫ్లూ టీకా వేసి చూస్తే వాళ్ళ బిడ్డల్లో ఆరునెలల వయసులోపు పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లో ప్రచురించారు. ఆరునెలలలోపు బిడ్డకు ఆ టీకా నేరుగా వేయలేం కాబట్టి తల్లి ద్వారా అందించడమే దారి.

అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి కూడా ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మన పక్కనే కర్ణాటకలో బెళగావి, మహారాష్ట్రలో నాగపూర్ కూడా కలిసి ఏడు దేశాల్లో ఒక పెద్ద ట్రయల్ జరిగింది, 2023లో ఫలితం వచ్చింది. నొప్పుల సమయంలో తల్లికి రెండు గ్రాములు ఒక్కసారి ఇస్తే తల్లికి ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6కి తగ్గింది, బిడ్డకు మాత్రం తేడా రాలేదు. కాబట్టి అది లేబర్ రూములో డాక్టరు నిర్ణయించే మందు. జలుబు చేసినప్పుడల్లా కొనుక్కుని మింగొద్దు. ఢిల్లీలో పసిపిల్లల వార్డుల్లో చేసిన అధ్యయనం 2016లో చూపించింది, సెప్సిస్ (రక్తానికి పాకే ఇన్ఫెక్షన్) తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటికి మామూలు మందులు చాలావరకు పనిచేయడం లేదని. మా వార్డులోనూ అదే చూస్తున్నాం.

మీ బిడ్డ పుట్టాక మొదటి నెల ఇవి గుర్తుపెట్టుకోండి: పాలు తాగడం తగ్గించేసినా, ఒళ్ళు మరీ చల్లబడినా కాలినా, నిమిషానికి అరవై కంటే ఎక్కువ ఊపిరి తీసినా, డొక్కలు లోపలికి పోతున్నా, కదలిక తగ్గి మందంగా పడున్నా, ఫిట్స్ వచ్చినా, అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. దిష్టి తీసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఇప్పుడు ఇవాళ చేయాల్సింది. మీ అమ్మగారికి ఫోన్ చేసి మీకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అని అడగండి, ఏ తరగతిలో ఉండగా, ఇంట్లో ఇంకెవరికి పోసిందో కూడా. నుదుటి మీదో, వీపు మీదో, ముక్కు పక్కనో చిన్న గుంటమచ్చ ఉందేమో అద్దంలో చూసుకోండి, వీపు మీద మీవారిని చూడమనండి. పిల్లాడికి మొదటి పొక్కు ఏ రోజు కనబడిందో తోడికోడల్ని అడిగి ఆ తేదీతో సహా ఇక్కడ రాయండి, పది రోజుల లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.